కరెంటుకు మడి కట్టిన బావగారు

మా తిరువూరు కరెంటు గురించి నేను చెప్పేవి బయటివాళ్ళెవరూ నమ్మరు. ఆ రోజుల్లో ఇక్కడ బతికినవాళ్ళు మాత్రం నేను తగ్గించి చెబుతున్నానంటారు. రెండువేల సంవత్సరానికి అటూ ఇటూగా, ఎండాకాలం వచ్చిందంటే బల్బు వెలుగుతోందో లేదో అగ్గిపుల్ల గీసి చూసుకునేవాళ్ళం. ఈగలు ఫ్యాను రెక్కలెక్కి తీరుబడిగా ఊరేగి, దిగాలనుకున్న చోట దిగేవి. మా ఇంట్లో ఒక బల్లి అయితే ఆ రెక్క మీదే గుడ్లు పెట్టి సంసారం సాగించింది. రెడ్డిగూడెం వైపు మామిడి తోటల్లో మోటార్లన్నీ కడుపునిండా తాగాక మిగిలిన కరెంటు మా ఇళ్ళకు వచ్చేది. అదీ ఆయాసపడుతూ.

అలాంటి కరెంటులో మురికి ఉందని మా బావగారు కనిపెట్టారు.

బావగారంటే మా అక్క మొగుడు. బస్టాండు దగ్గర ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉండేది. మనిషికి పాటల పిచ్చి. విజయవాడలో చెప్పి చేయించుకున్న ఆంప్లిఫయరు, బీరువాల్లాంటి రెండు స్పీకరు పెట్టెలు, ఒక సీడీ ప్లేయరు ముందుగదిలో కొలువుండేవి. ఆ గదిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే మాట్లాడి వెళ్ళిపోయేవారు.

ఒకసారి సరుకు కోసం విజయవాడ వెళ్ళి, జేబులో ఒక చిన్న డబ్బాతో దిగారు. అచ్చం దోమల మందు మిషనులా ఉంది. గోడ ప్లగ్గులో గుచ్చితే నీలం లైటు వెలుగుతుంది. అంతే. ఇంకేమీ చేయదు.

"ఇది ఫిల్టరు. లైన్లో వచ్చే మురికినంతా పీల్చేస్తుంది. ఇంట్లో ఏ ప్లగ్గులో పెట్టినా చాలు, ఇల్లంతా శుభ్రమే" అన్నారు.

బావగారి అమ్మగారు, నాకు అత్తయ్యగారు, మంచం మీద నుంచే మెడ చాచి చూశారు. "బిళ్ళలేవిరా దీనికి?"

"దోమలకి కాదే అమ్మా. పాటలకి."

"పాటలకి దోమలు పట్టాయా?" అన్నారావిడ.

ఆ విజయవాడ కొట్లో ఎలా నమ్మారని నేను అడిగాను. అమ్మేవాడు డబ్బా పెట్టి ఒక పాట, తీసి ఒక పాట వినిపించాడట. తేడా తెలిసిందా సార్ అన్నాడట. అక్కడున్నవాళ్ళందరూ తలలూపారట. "అందరికీ తెలియదు సార్, మీలాంటి చెవి ఉండాలి" అని కూడా అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు బావగారి చెవులు రెండూ కాస్త ముందుకు వచ్చినట్టు నాకనిపించింది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో కరెంటుకు మడి మొదలైంది. మధ్యాహ్నం కొట్టు మూసి, భోజనం చేసి, ఆయన సీడీ పెట్టారంటే ఇంట్లో ఎవరూ స్విచ్చు ముట్టుకోకూడదు. ఫ్రిజ్జు ఆపాలి. ఫ్యాను ఆపాలి. మిక్సీ మాటే ఎత్తకూడదు. అవన్నీ లైన్ని మైల చేస్తాయట. రోళ్ళు పగిలే ఎండలో అత్తయ్యగారు తాటాకు విసనకర్రతో విసురుకుంటుంటే, ఆ చప్పుడు కూడా తగ్గించమనేవారు.

"చూశావా, ఎంత తేటగా ఉందో వీణ!" అనేవారు కళ్ళు మూసుకుని.

"ఫ్యాను గరగర ఆగింది కదా బావగారూ, అందుకు. ఆ డబ్బా లేకపోయినా ఇలాగే ఉంటుంది."

"నీ చెవికి అంతే తెలుస్తుందిలే."

ఒకరోజు ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు ఆ డబ్బా పీకి జేబులో వేసుకున్నాను. బావగారు వచ్చి, కూర్చుని, కళ్ళు మూసి, "ఆహా! తీగ మీద వేలు జారడం వినపడుతోందిరా" అన్నారు. నేను డబ్బా తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. ఇంకొకరైతే తల దించుకునేవారు. మా బావగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒకసారి శుభ్రం చేశాక కాసేపు ఆ శుభ్రం ఉంటుందయ్యా. పళ్ళు తోముకున్నాక బ్రష్షు నోట్లో పెట్టుకునే తిరుగుతామా ఏంటి?" అన్నారు.

ఆ నోరు ఎక్కడ తయారైందో నాకు తెలుసు. వాళ్ళ కొట్టుకు నేను కబుర్లకు వెళ్తుండేవాణ్ణి. వినగడప నుంచి ఒక రైతు వచ్చి, "టానిక్కు కొట్టినా పూత రాలిపోయిందండి" అన్నాడోసారి. బావగారు రెప్ప వేయకుండా, "కొట్టకపోతే కొమ్మలే రాలిపోయేవి" అన్నారు. ఆ రైతు ఇంకో సీసా పట్టుకెళ్ళాడు. విజయవాడలో బావగారు సరిగ్గా అలాగే డబ్బా పట్టుకొచ్చారని నా అనుమానం. రోజంతా తాను అమ్మే మాటనే వేరేవాడు నోట పెట్టుకుని అమ్మితే, పాపం, గుర్తుపట్టలేకపోయారు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. ఆవకాయ రోజు వచ్చేదాకా.

ఆ ఏడు అక్క రెడ్డిగూడెం తోట నుంచి మంచి పుల్లటి కాయలు తెప్పించింది. పొద్దున్నే కాయలు కొట్టించి, టెంకె మీది పొర తీసి, ముక్కల్ని ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి, పాత పంచె మీద ఆరబెట్టింది. కారం, ఉప్పు, నూనె సిద్ధం. ఎండబెట్టిన ఆవాలు డబ్బాలో ఉన్నాయి. ఇక పొడి కొట్టాలి. పొద్దున కరెంటు కోత. సాయంత్రం ఓల్టేజీకి మిక్సీ తిరగదు, మూలుగుతుంది. పిండిమరకు పంపిస్తే ఆవపిండికి పసుపు కొమ్ముల వాసన పట్టేస్తుంది. మిగిలింది మధ్యాహ్నం కరెంటు ఉన్న ఆ కాసేపు. ఆ కాసేపూ బావగారిది.

ఆ రోజు దాటితే ముక్క మెత్తబడుతుంది. మెత్తబడ్డ ముక్కతో పెట్టిన ఆవకాయ ఏడాది పొడుగునా అక్కని వెక్కిరిస్తుంది. విస్సన్నపేటలో ఉన్న ఆడపడుచు జాడీ మూత తీసి, ముక్క నొక్కి చూసి, ఏమీ అనకుండా మూత పెట్టేస్తుంది. అక్కకు భయమంతా ఆ ఏమీ అనకపోవడం గురించే.

కరెంటు వచ్చింది. బావగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫ్యాను ఆపి, సీడీ పెట్టారు. అక్క మిక్సీ జారు చేత్తో పట్టుకుని ముందుగది గుమ్మంలోకి వచ్చింది.

"ఏవండీ, ఇవాళ్టికి నేను ఆవాలు తిప్పుకుంటాను."

"సాయంత్రం తిప్పుకోకూడదూ?"

"సాయంత్రం మిక్సీ తిరుగుతుందా మనూళ్ళో? ముక్కలు ఆగవండీ."

"పోనీ రోట్లో దంచు. మా చిన్నప్పుడు మిక్సీలున్నాయా?"

అత్తయ్యగారు విసనకర్ర ఆపారు. "మీ చిన్నప్పుడు దంచింది నేను. నువ్వు పక్కన కూర్చుని ఆవాలు తింటుండేవాడివి. ఇప్పుడు లేచి నువ్వు దంచు."

బావగారు పాట సౌండు కాస్త పెంచారు. అక్క మొహం ఎర్రబడింది. ఏడుస్తుందేమోనని నేను లేవబోయాను. ఏడవలేదు. జారు చంకలో ఇరికించుకుని, ఆ నీలం లైటు వైపు చూపించింది.

"నాదొక్కటే ప్రశ్న. ఆ డబ్బా కరెంటులో మురికి తీస్తుందా, తీయదా?"

"తీస్తుంది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మిక్సీ వేస్తే పడే మురికి కూడా తీస్తుందా?"

బావగారు ఆ డబ్బా వైపు ఓసారి తిరిగి చూశారు. నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. ఇలాంటి ముచ్చట రోజూ దొరకదు.

"అంటే... అది వేరే రకం మురికి" అన్నారు.

"ఊళ్ళో మోటార్లన్నీ పోసే మురికి తీస్తుంది గానీ, ఇంట్లో ఆలి పోసే మురికి తీయదా?" అంది అక్క. "తీయకపోతే చెప్పండి, రేపే విజయవాడ పంపించేద్దాం. తమ్ముడు పట్టుకెళ్తాడు."

"నేను రెడీ బావగారూ. బస్సు కూడా ఉంది" అన్నాను.

బావగారు నా వైపు ఎలా చూశారంటే, కొట్లోని పురుగుమందులన్నీ ఆ కళ్ళలోనే ఉన్నాయి. తీయదంటే డబ్బా పోతుంది, పరువూ పోతుంది. తీస్తుందంటే మిక్సీ తిరుగుతుంది. ఆ తిరువూరు ఎండలో, ఆపేసిన ఫ్యాను కింద, ఆయన నుదుటి మీద చెమట వరసగా దిగింది.

"తీస్తుంది" అన్నారు చివరికి. "తిప్పుకో."

అక్క వంటింట్లోకి వెళ్ళి మిక్సీ వేసింది. వేయగానే ఆ బీరువాల్లాంటి స్పీకర్లలోంచి చర్ర్ర్‌మని వచ్చిన చప్పుడుకు గోడ మీది క్యాలెండరు ఊగింది. వీణ ఎటుపోయిందో తెలియదు. మామిడి తోటలన్నిటికీ ఒకేసారి వడగళ్ళు పడ్డట్టుంది. అత్తయ్యగారు, నేను బావగారి మొహం వైపే చూస్తున్నాం.

ఆయన కళ్ళు మూసుకుని, వేళ్ళతో తొడ మీద తాళం వేస్తూ, "చూశారా, ఒక్క పిసరు కూడా తేడా లేదు" అన్నారు.

నిన్నటిదాకా విసనకర్ర చప్పుడు వినపడిన చెవి అది.

అత్తయ్యగారు ఆ అవకాశం వదులుతారా? "అయితే ఆ ఫ్యాను కూడా వేయవయ్యా, చచ్చిపోతున్నాను" అన్నారు నాతో. నేను వేశాను. ఎవరూ చెప్పకముందే వెళ్ళి ఫ్రిజ్జు కూడా వేశాను. ఇల్లంతా ఏదో ఒకటి తిరుగుతోంది, గురకపెడుతోంది, గొణుగుతోంది. మధ్యలో బావగారు ధ్యానంలో కూర్చున్నట్టు కూర్చుని, ఎవరికీ వినపడని వీణ వింటున్నారు. ఆ ఇంట్లో ఆయన మీద నాకు గౌరవం కలిగిన క్షణం అదొక్కటే. నమ్మినదాని కోసం ఉన్న చెవులు వదులుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆవపిండి ఘాటు ముందుగది దాకా వచ్చింది. అక్క కారం, ఉప్పు, పిండి కలిపి, ముక్కల్ని నూనెలో ముంచి తీసి అందులో పొర్లించి జాడీకి ఎత్తింది. ముక్క బిగువుగా ఉందని నాకొకటి ఇచ్చి కొరికి చూడమంది. కరకరమంది. అక్క మొహంలో అప్పుడు వచ్చిన వెలుగుకు ఏ ఓల్టేజీ సరిపోదు.

చివరికి బేసినులో అంటుకున్న పిండిలో వేడన్నం, నూనె వేసి కలిపి, ముద్దలు చేసి తలా ఒకటి పెట్టింది. బావగారు భోజనం చేసే ఉన్నారు, అయినా చెయ్యి చాచారు. ముద్ద నోట్లో పెట్టుకోగానే ఘాటు నషాళానికంటి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

"అబ్బ! ఏం పొడి! శుభ్రమైన కరెంటుతో తిప్పిన ఆవాలు మరి" అన్నారు ముక్కు తుడుచుకుంటూ.

అక్క నవ్వు ఆపుకుంటూ, "ఇంకో ముద్ద పెట్టనా?" అంది.

"పెట్టు. ఒరేయ్ బావమరిదీ, ఆ పాట ఆపేసి ఫ్యాను కాస్త పెంచు."