గోడ గురించి అడిగిన ప్రశ్న

మా ముత్తాత సీతారామచంద్ర రాజు గారు వెలగవలస ఎస్టేటు జమీందారు. తాత జగన్నాథ రాజు గారు భూస్వాముల నియోజకవర్గం తరఫున మద్రాసు శాసనమండలిలో కూర్చున్నారు. విజయనగరం వైపు మా దివాణం సింహద్వారం ముందు ఊరి జనం చెప్పులు చేతపట్టుకుని దాటేవారు. శవాన్ని ఆ వీధిన తెచ్చేవారు కారు, పొలం గట్ల మీదుగా చుట్టూ తిరిగి తీసుకుపోయేవారు. అది ఆనాటి మర్యాద. తరవాత ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. చేసింది ఆ మద్రాసు చట్టసభే. "మనం కూర్చున్న చోటి నుంచే మనల్ని లేపారు" అనేవారు మా నాన్న నీలాద్రి రాజు గారు. ఆయన రైల్వేలో గుమస్తాగా చేరి రాయపూర్ వచ్చారు. నేను ఇక్కడే పుట్టాను.

2016 వర్షాకాలంలో నేను ఒక రాజ్యసభ సభ్యుడి దగ్గర కార్యదర్శిని. రాయపూర్ తెలీబంధాలో ఒక బట్టల దుకాణం మీద రెండు గదులు మా కార్యాలయం. సభ్యుడు సమావేశాలకు ఢిల్లీ వెళితే కాగితం పనంతా నాది. అందులో ముఖ్యమైనది మంత్రులకు ప్రశ్నలు రాయడం. స్టార్డ్ క్వశ్చన్ అంటే నక్షత్రం గుర్తున్న ప్రశ్న. దానికి మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద సభ్యుడు అక్కడికక్కడే అనుబంధ ప్రశ్న వేయవచ్చు, దాన్ని సప్లిమెంటరీ అంటారు. గుర్తు లేని ప్రశ్నకు రాతలో జవాబు వస్తుంది, అంతే. సభ్యులందరూ నక్షత్రమే కోరతారు. రోజుకు పదిహేనుకే చోటు. ఎవరిది ముందో చీటీ తీసి తేలుస్తారు.

ఒక ఉదయం సలోమీ గారు వచ్చారు. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. తెల్ల చీర, చేతిలో తడి గొడుగు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా ఆయన్ని పట్టాల అవతల పెట్టాం బాబూ, తొమ్మిదేళ్లయింది. పక్కన నాకూ జాగా ఉంచుకున్నాను. ఇప్పుడు రైలోళ్లు గోడ కడతన్నారు. అవతలికి దారి ఏటి?"

భన్‌పురి వైపు పట్టాల పక్కన తెలుగు క్రైస్తవ కుటుంబాల చిన్న సమాధుల తోట ఒకటి ఉంది. కొత్త లైను వేస్తూ రక్షణ కోసం పొడవునా గోడ లేపుతున్నారు. మనుషులు దాటే సందు కూడా మూసుకుపోతోంది. వెనకవైపు అంతా గోదాములు, ఆ యజమానులు శవాన్ని తమ ఆవరణలోంచి పోనివ్వరు.

"ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళ్లారా?"

"ఎల్లేను. రైల్వే గోడ, మాకు సంబంధం లేదన్నారు. రైల్వే ఆఫీసుకెల్తే, కబ్రిస్తాన్ సంగతి కలెక్టర్‌ది, ఉధర్ జావో అన్నారు. కలెక్టరాఫీసులో మళ్లీ రైల్వే అన్నారు. డ్యూటీలో ఉన్నప్పుడు కూడా ఇంత నడవలేదు నేను."

ఆ ఆఫీసులవాళ్లు చెప్పింది అబద్ధం కాదు. రాజ్యాంగంలో అధికారాల జాబితాలున్నాయి. రైల్వేలు కేంద్ర జాబితాలో ఉన్నాయి కాబట్టి వాటి గురించి పార్లమెంటులోనే అడగాలి. శ్మశానాలు రాష్ట్ర జాబితావి, వాటి గురించి ఇక్కడి విధానసభలో అడగాలి. ఈ గోడ సరిగ్గా రెండు జాబితాల మధ్య లేస్తోంది. ఇదంతా ఆమెకు విడమరచి చెప్పాను.

"అయితే మీ మెంబరు గారు అడుగుతారా? మేం ఆయనకి ఓటెయ్యలేదు కదండీ. ఎవరేశారో కూడా తెలీదు."

"మీరు ఓటేసిన ఎమ్మెల్యేలే ఆయనకు ఓటేశారు. లోక్‌సభ ప్రజలు నేరుగా ఎన్నుకున్నది, రాజ్యసభ రాష్ట్రాల తరఫున కూర్చునేది."

"ఆ పెద్దల సభకి పవరు లేదంటారు మరి?"

"డబ్బు బిల్లు మీద లేదు. పద్నాలుగు రోజుల్లో సలహా చెప్పి తిప్పి పంపాలి, ఆ సలహా లోక్‌సభ వినకపోయినా చెల్లుతుంది. మంత్రిని ప్రశ్న అడగడంలో మాత్రం రెండు సభలూ సమానమే."

ఆమె గోడ మీద ఉన్న మా తాతగారి ఫోటో వైపు చూశారు. తలపాగా, చేతికర్ర, కింద ఎస్టేటు పేరు.

"వెలగవలసా? మా అమ్మమ్మోళ్లది ఆ పక్క ఊరేనండి. మా ముత్తాత శవాన్ని మీ దివాణం వీధిన పోనివ్వలేదట. వానలో గట్లంట తిప్పితే మోసేవోడొకడు కాలు జారి పడ్డాడట. అమ్మమ్మ చెప్పీది." గొడుగు చేతులు మార్చుకుని, "అప్పుడు మీ వోళ్లు, ఇప్పుడు రైలోళ్లు" అన్నారు.

"అది ఆనాటి మర్యాద" అన్నాను.

"అవునండి, మర్యాదే. ప్రశ్న రాయండి."

ఇక ఆ పొద్దు నాకు కుర్చీలో కుదురు లేదు. కలం పట్టుకుని కిటికీకీ బల్లకీ మధ్య తిరిగాను. సమాధి, శ్మశానం అన్న మాట ప్రశ్నలో కనపడితే రాష్ట్ర విషయమని రాజ్యసభ సచివాలయం తిప్పి పంపుతుంది. అందుకని ఇలా రాశాను: రాయపూర్ దగ్గర పట్టాల వెంట గోడ కడుతున్న మాట నిజమేనా, దానివల్ల అవతలి వైపుకు పాదచారుల రాకపోకలు ఆగుతాయా, ఆగితే ప్రత్యామ్నాయం ఏమిటి. సలోమీ గారికి చదివి వినిపించాను.

"మా ఆయనేడీ ఇందులో?"

"ఆయన పేరు రాస్తే ప్రశ్న పోతుంది."

"గోడా, నడిచేవోళ్లూ ఉన్నారు. మోసుకెళ్లేవోళ్లు లేరు."

"దారి వస్తే అన్నీ వస్తాయి" అన్నాను. నా పనితనం మీద నాకు నమ్మకం ఉండేది.

ప్రశ్నకు పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ రోజులు గడవడం కష్టమైంది. సలోమీ గారు దాదాపు రోజూ వచ్చేవారు. వానకు పని ఆగిందనో, ఎండ కాసింది ఇటుకలు దిగాయనో చెప్పి పోయేవారు. నేనూ సాయంత్రాలు స్కూటర్ మీద అటు వెళ్లి గోడ చూసి వచ్చేవాణ్ని. వెళ్లిన ప్రతిసారీ సందు చిన్నదయ్యేది. చీటీలో మా ప్రశ్నకు నక్షత్రం వచ్చింది, కానీ వరసలో పద్నాలుగోది. సభ్యుడు ఢిల్లీ నుంచి ఫోన్ చేశారు. "రాజు సాబ్, చౌదా నంబర్! అక్కడిదాకా ఎప్పుడైనా వస్తుందా?" అని నవ్వారు.

జవాబు రావలసిన రోజు సలోమీ గారూ నేనూ కార్యాలయంలో టీవీ ముందు ఉన్నాం. ప్రశ్నల సమయం మొదలైంది. మూడో ప్రశ్న దగ్గర సభ్యులు లేచి అధ్యక్షుడి పీఠం ముందుకు వచ్చారు. నినాదాలు, కేకలు. సభ వాయిదా పడింది.

"అయిపోయిందా?" అన్నారామె.

"అయిపోయింది."

"వార్డులో ఇలా అరిస్తే నేనైతే అందర్నీ బయటికి పంపీదాన్ని."

వంతు రాకపోయినా జవాబు ఎక్కడికీ పోదు. రాతలో సభ ముందు ఉంచుతారు. సాయంత్రానికి మా జవాబు వచ్చింది. రక్షణ కోసం గోడ అవసరమనీ, పాదచారుల రాకపోకల అంశాన్ని పరిశీలిస్తామనీ రెండు ముక్కలు.

"పరిశీలిస్తాం అంటే డాక్టర్లు 'చూద్దాం' అన్నట్టే. ఆ మాట అన్నాక ఏం జరుగుద్దో నాకు తెలుసు" అని గొడుగు తీసుకున్నారు.

"ఆగండి. సభలో మంత్రి పరిశీలిస్తాం అంటే దాన్ని అష్యూరెన్స్ కింద రాసుకుంటారు, అంటే హామీ. దానికి సభ్యుల సంఘం ఒకటి ఉంది. మూడు నెలల్లో ఏం చేశారో చెప్పేదాకా ఆ శాఖను వదలరు."

"గోడకి మూడు నెలలు అక్కర్లేదండి."

అది నిజం. సభకు మంత్రిని నిలబెట్టి అడిగే అధికారం ఉంది. మేస్త్రీ చేతిలో తాపీని ఆపే అధికారం లేదు. మర్నాడు జవాబు నకలు జేబులో పెట్టుకుని ఆమెను వెంటబెట్టుకుని రైల్వే ఇంజినీరు కార్యాలయానికి వెళ్లాను. మా ఇంట్లో ఎవరూ ఒకరి గుమ్మంలో బల్ల మీద కూర్చుని ఎరగరు. చాలాసేపు కూర్చున్నాను. వీపు గోడకు ఆనించలేదు. చీటీ మీద పేరు చూసిన బంట్రోతు చివరికి తలుపులోంచి కేకేశాడు. "ఏ రాజు! అందర్ ఆ జా."

ఈ ఊళ్లో టీ గ్లాసులు కడిగే ప్రతి పిల్లాడి పేరూ రాజూయే. సలోమీ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఎల్లండి రాజు గారూ, పిలుస్తన్నారు."

ఇంజినీరు బిహారు మనిషి, కళ్ల కింద నిద్రలేని చారలు. నన్ను ఎగాదిగా చూసి "అచ్ఛా, ఆప్ హీ హై వో సవాల్‌వాలే!" అన్నాడు, ఆ ప్రశ్న పెట్టిన మనిషి మీరేనా అని. తరవాత హిందీలో మొర పెట్టుకున్నాడు. మా ప్రశ్న ఢిల్లీ నుంచి జోనుకు, అక్కడి నుంచి డివిజనుకు, చివరకు ఆయన బల్ల మీదికి వచ్చిందట. రెండు వారాలుగా ఫోన్లు. గొడుగు వేసుకుని గోడ పొడవునా నడవాల్సి వచ్చిందట. మంత్రి పేరు మీద వచ్చిన ఆ రెండు ముక్కలూ రాసింది ఆయనే. సంఘానికి లెక్క చెప్పాలి కాబట్టి గేటుకు అనుమతి కూడా తెచ్చాడు. పటం మా ముందు పరిచాడు.

గోడలో సన్నని సందు. మోటారు సైకిళ్లు దూరకుండా ఇనుప గొట్టాల మధ్య మెలిక తిరిగే దారి. ఒక మనిషి పక్కకు ఒరిగి పోవాలి.

"పాదచారులు అని మీరే అడిగారు" అన్నాడు ఇంజినీరు. "జవాబు కూడా పాదచారులకే."

సలోమీ గారు పటం మీదికి వంగారు. "ఇందులో పెట్టె పట్టదు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు మోసేవోళ్లు ఎలా పోతారు?" అని నా వైపు తిరిగి "చెప్పాను కదండీ, మోసుకెళ్లేవోళ్లు లేరని" అన్నారు.

కబ్రిస్తాన్ పేరు ఎత్తితే ఫైలు కలెక్టర్‌కు పోతుందని ఇంజినీరు, ఎత్తకపోతే గేటు ఇంతేనని నేను. అవే మాటలు చుట్టూ తిప్పాం. చివరకు "గేటు చాలదని ఇంకో స్టార్డ్ క్వశ్చన్ వేయిస్తాను" అన్నాను. ఆయన రెండు చేతులూ జోడించాడు. "ఫిర్ సే? నహీ సాబ్!"

"సార్" అన్నారు సలోమీ గారు, ఆసుపత్రి హిందీలో. "లైను మీద ఎవరైనా పడితే అవతల్నుంచి ఎలా తెస్తారు? స్ట్రెచర్ పట్టాలి కదా? స్ట్రెచర్, పక్కన మోసేవాళ్లు. అదే రాయండి. మోసేవాళ్లు కూడా నడిచేవాళ్లే. పైన పడుకున్నవాడు బతికున్నాడా అని గేటు అడగదు."

ఇంజినీరు నవ్వలేదు. కలం తీసి పటం మీద సందును వెడల్పు చేశాడు. మెలిక కొట్టేసి, అడ్డంగా ఎత్తి తీసే కమ్మీ గీశాడు.

దసరా లోపు గేటు పెట్టారు. పెట్టిన రోజు ఆమె పాత వార్డు బాయ్‌లను పిలిపించి ఖాళీ స్ట్రెచర్ అటూ ఇటూ మోయించారు. "ఇంకో బెత్తెడుంటే బాగుండు. పర్లేదు, నేను సన్నమే" అన్నారు.

నా వృత్తిలో ఎన్నో ప్రశ్నలు రాశాను. సభ దేన్నీ తన చేత్తో కట్టదు, కూల్చదు. జవాబు చెప్పవలసిన మనిషిని వెతికి పట్టుకుంటుంది. ఆ మనిషి ఢిల్లీలో మంత్రితో మొదలై, వానలో గోడ పక్కన నడిచే ఇంజినీరు దగ్గర ఆగుతాడు. ఈ కేసు నాకు నేర్పింది ఇంకొకటి. అడిగినంత మేరకే జవాబు వస్తుంది. అందుకే ఆ తరవాత ఏ ప్రశ్న రాసినా, ఎవరి కోసం రాస్తున్నానో వాళ్లకు ముందు చదివి వినిపించి, ఇందులో ఎవరు లేరు అని అడుగుతాను.

2019లో సలోమీ గారు పోయారు. నేను పెట్టె వెనక నడిచాను. కమ్మీ ఎత్తి పట్టుకున్నారు, మోసేవాళ్లు వరస చెదరకుండా దాటారు. ఎవరి మోచెయ్యీ గోడకు రాసుకోలేదు.

వెలగవలస దివాణం సింహద్వారం ఇనుప తలుపులు ఏనుగు పట్టేంత వెడల్పు. 2003లో వాటిని లారీ మీద భన్‌పురి తెప్పించి, ఇనుప కమ్మీలు చేసే ఒక రోలింగ్ మిల్లుకు తుక్కు కింద అమ్మేశాను.