పైపారా బాట మీద కిందిపారా పేరు

2022 ఏప్రిల్ 26, మంగళవారం, మధ్యాహ్నం. భోపాల్‌పట్నంలో మా సర్వే ఆఫీసు. హాజరైనవారు: నేను, పట్వారీ సాహుగారు, తర్లగూడ వైపు పల్లె నుంచి వచ్చిన సమ్మక్క.

ఆమె పల్లెలో రెండు వాడలు, ఆమె ఉండే పైపారా, కిందిపారా. అడవిలోకి ఎవరి బాట వారిది. ఏ బాట వెంట ఎవరు బీడీల తునికాకు కోసుకోవాలో చూపే నక్షా మీద మర్నాడు గ్రామసభలో సంతకాలు. అవి పడ్డాక మార్పు ఉండదు.

పేర్లు బాట వెంటే ఏటవాలుగా పడాలని విండోస్‌లో నేనే చిన్న ప్రోగ్రాం రాశాను. అందులో ఫాంట్‌కు ‘ఎస్కేప్‌మెంట్’ అనే విలువ ఇవ్వాలి. రాత ఎంత వాలాలో చెప్పే కోణం అది, డిగ్రీలో పదో వంతుల్లో. ముప్ఫై డిగ్రీలకు మూడు వందలు. ఆ పది రెట్లు నేను మరిచిపోలేదు. నక్షా ముచ్చటగానే వచ్చింది.

సమ్మక్క దాని మీద వేలు పెట్టి చదివింది.

“ఏంది సారూ, వాగు దాటే బాట మాది గదా. దాని మీద కిందిపారా అని రాసినవేంది?”

పట్వారీగారు నవ్వారు. “కంప్యూటర్ గీసింది అక్కా. గల్తీ ఎట్లయితది?”

“కంప్యూటర్ ఎన్నడన్న ఆకు కట్ట మోసిందా సాబ్? రేపు సంతకాలైతే మేమెక్కడ కొయ్యాలె?”

కారణం దొరకడానికి గంట పట్టింది. సర్వేయరు బేరింగును, అంటే గీత దిశను చెప్పే కోణాన్ని, ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు కొలుస్తాడు. ముప్ఫై ఏళ్లుగా నా చేతికి అదే అలవాటు. విండోస్ మాత్రం అడ్డగీత నుంచి పైకి, ఎదురు దిశలో తిప్పుతుంది. ఒకే చోట చీలే ఆ రెండు బాటల్లో పైపారాది అరవై డిగ్రీలు, కిందిపారాది ముప్ఫై; పేర్లు రెండూ ఆ చీలిక దగ్గరే మొదలవుతాయి. అరవైని అలాగే ఇస్తే ఆ పేరు వెళ్లి ముప్ఫై బాట మీద పడింది, ముప్ఫైది అరవై మీద. నేను ముందుగా సరిచూసింది పెద్ద రోడ్డు మీద. దాని బేరింగు నలభై ఐదు. ఎటు నుంచి కొలిచినా నలభై ఐదే.

తొంభైలోంచి బేరింగు తీసివేసి పదితో హెచ్చించాను. పేర్లు తమ చోటికి చేరాయి. సమ్మక్క లేవలేదు.

“కిందిపారోళ్లది గూడ మంచిగ చూడు సారూ. వాళ్లు రేపు నన్నే అడుగుతరు.”

చూశాం. కోణాన్ని నలభై ఐదు కాని గీత మీదే పరీక్షించాలని, ఆ గీత వెంట నడిచే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవాలని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. రిటైరయ్యే దాకా రెండూ పాటించాను.

మర్నాడు ఉదయం గ్రామసభలో నక్షాను నేల మీద పరిచి ఉత్తరానికి తిప్పాను. మొదటి సంతకం కిందిపారా పెద్దమనిషి చేశాడు. తర్వాత సమ్మక్క నిదానంగా తన పేరు రాసి, పెన్ను నా చేతికిచ్చింది.

“ఇగ పోతున్న సారూ, ఎండ ముదురుతది,” అంటూ ఆకు కట్టలకు తెచ్చుకున్న తాళ్లు భుజాన వేసుకుని తన బాట పట్టింది.