పసుపు గోదాంలో చక్రాల గీతలు

మా కోరుట్లలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ప్రతి మనిషీ ఏదో ఒకటి తెరిచే కాలమది. కొందరు సెల్‌ఫోన్ల దుకాణం, కొందరు అరబ్బు మండీ బిర్యానీ హోటలు, ఏదీ తెరవలేనివాళ్లు దుబాయ్ కబుర్లు చెప్పడానికి నోరు. మేమందరం దుబాయ్ సేటు అని పిలిచే పెద్దమనిషి మాత్రం స్కేటింగ్ రింకు తెరిచాడు. మెట్‌పల్లి రోడ్డు పక్కన ఏళ్ల తరబడి ఎవరూ కిరాయికి తీసుకోని పాత పసుపు గోదాం అది. ఎందుకు తీసుకోలేదని అడిగితే, "గా జాగ మంచిగుండదు" అని మాట మార్చేవాళ్లే తప్ప విప్పి చెప్పినవాళ్లు లేరు. సేటు నేలంతా నున్నగా చేయించి గోడలకు నీలం రంగు వేయించాడు. కానీ దూలాల మీద ఏళ్లుగా పేరుకున్న పసుపు పొడిని ఏ రంగూ ఆపలేకపోయింది. ఎండెక్కి పైరేకులు టకటకమనడం మొదలుపెట్టగానే ఆ పొడి చప్పుడు లేకుండా రాలేది. పిల్లలు మామూలుగా లోపలికొచ్చి, నలుగు పెట్టిన పెళ్లికొడుకుల్లా బయటికి వెళ్లేవారు.

నేను అప్పుడే జగిత్యాలలో డిగ్రీ ముగించి, కోరుట్ల పక్కనే కథలాపూర్‌లో మా ఇంట్లో టీవీ రిమోట్ అరగదీస్తున్నాను. ఆడపిల్లల్ని పంపాలంటే లేడీ కోచ్ ఉండాలని తల్లులు పట్టుబట్టడంతో సేటు మా ఇంటికొచ్చాడు. "స్కేటింగ్ వస్తదా బిడ్డా?" అని అడిగాడు. "వస్తది అంకుల్" అన్నాను. (హైదరాబాదులో మా పిన్ని వాళ్ల దగ్గర ఒకసారి స్కేట్లు కట్టుకుని పది నిమిషాలు కటకటాలు పట్టుకుని నిలబడ్డాను. అది రావడం కిందికే వస్తుందని నా నమ్మకం.) అట్లా నేను కోచ్‌నయ్యాను. ఒడ్డున కూర్చుని ఈత నేర్పినట్టు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విజిల్ ఊదుతూ స్కేటింగ్ నేర్పాను. ఆశ్చర్యమేమిటంటే పిల్లలకు వచ్చేసింది. "మేడం, మీరెందుకు స్కేట్లు తొడుగరు?" అని ఓ పిల్ల అడిగితే, మోకాలికి ఆపరేషన్ అయిందని చెప్పాను. సోమవారం కుడికాలు కుంటి, బుధవారం ఎడమకాలు కుంటితే ఆ పిల్ల నా వైపు జాలిగా చూసింది.

రింకు తెరిచి ఏడాది కావస్తుండగా సేటు బాంబు పేల్చాడు. వార్షికోత్సవం నాడు తల్లిదండ్రులందరి ముందు మేడం స్వయంగా స్కేటింగ్ చేసి చూపిస్తుందట! అందరికీ చెప్పేశాడు కూడా. ఇక ఇరవై రోజులే ఉన్నాయి. ఉదయం పిల్లలు తొమ్మిదింటికి వెళ్లిపోతారు, పదింటికి ఊడ్చి తలుపులు మూస్తారు, మళ్లీ నాలుగింటికి తెరుస్తారు. ఆ మధ్యలో ఎవరూ లేనప్పుడు నేర్చుకుందామని సేటు దగ్గర తాళంచెవి తీసుకున్నాను. "మంగళారం ఏ పని మొదలువెట్టకు, మిట్టమధ్యానం ఒక్కదానివి పోకు" అంది అమ్మ. నేను మంగళవారం నాడు, మిట్టమధ్యాహ్నమే వెళ్లాను.

వేసవి మధ్యాహ్నం కోరుట్ల మనుషులు ఖాళీ చేసిన ఊరిలా ఉంటుంది. రోడ్డు మీద కుక్క కూడా లేదు. షట్టరు ఎత్తి లోపలికి అడుగుపెట్టగానే పసుపు వాసన గొంతుకు పట్టుకుంది. రేకుల సందుల్లోంచి దిగిన వెలుగు కూడా పసుప్పచ్చగానే ఉంది. ఊడ్చిన నేల మీద సన్నగా, జల్లెడ పట్టినట్టు పొడి పరచుకుని ఉంది. ఆ పొడి మీద రెండు చక్రాల గీతలు. గోడ వెంబడి గుండ్రంగా తిరిగి తిరిగి, గోదాం నట్టనడుమకు వచ్చి ఆగిపోయాయి. అక్కణ్నుంచి బయటికి వెళ్లిన అడుగులు లేవు.

తాళం తీసింది నేనేనని గుర్తొచ్చింది. స్కేట్లు కట్టుకోకుండానే బయటపడ్డాను. బుధవారం వెళ్లాను, అవే గీతలు. గురువారం కూడా అవే. ఎవరితో చెప్పుకోను? చెబితే, మధ్యాహ్నం పూట నీకక్కడేం పని అంటారు. సొంత తెలివితో ఒక నిమ్మకాయ తెచ్చి, గీతలు ఆగిపోయిన చోట పెట్టి దండం పెట్టుకున్నాను. మర్నాటికి నిమ్మకాయ లేదు. గీతలు మాత్రం ఉన్నాయి.

ఆదివారం నాడు, ఇక గడువు దగ్గర పడుతోందని కాస్త ముందుగా వెళ్లాను. షట్టరు దగ్గరికి చేరేసరికి లోపల చప్పుడు. గర్ర్‌ర్... ఆగింది. మళ్లీ గర్ర్‌ర్... తాళం వేసింది వేసినట్టే ఉంది. బస్టాండుకు పరుగెత్తడమా, లోపలికి వెళ్లడమా? దయ్యం ఏం చేస్తుందో తెలియదు. వందమంది తల్లిదండ్రులు నవ్వితే ఎలా ఉంటుందో మాత్రం నాకు బాగా తెలుసు. తాళం తీసి, షట్టరు ఒక్క అడుగు ఎత్తి, నేల మీద బోర్లా పడుకుని చూశాను. ముందు చక్రాలు కనిపించాయి. వాటిపైన ఎండుకట్టెల్లాంటి పిక్కలు, ఎగదోపిన చీర, విడిపోయిన తెల్లజుట్టు. కళ్లు మూసుకుని, పెదాలు కదుపుకుంటూ నేరుగా నా మీదికే వస్తోంది.

అరవబోయాను. మెడలో వేలాడే విజిల్‌ను భయానికి అప్పటికే నోట్లో కరిచి పట్టుకున్నాను కాబట్టి అరుపుకు బదులు విజిల్ మోగింది. ఆ ఆకారం దభీమని గోడకు తగిలి, "ఓ నీ తల్లీ! నా పానం తీస్తివి గదనే!" అంది.

మా రింకు ఊడ్చే బీడీలవ్వ. అరవై దాటిన మనిషి. ఊడ్చిన తర్వాత వెనక తలుపు నుంచి ఇంటికి పోతుందని అందరం అనుకునేవాళ్లం.

"అవ్వా, రోజూ నువ్వేనా?"

"ఇంకెవలుంటరు బిడ్డా? నలభై ఏండ్ల సంది కూసుండి బీడీలు చేసి నడుము కట్టెవారింది. గీ పోరగాండ్లు గాలి లెక్క పోతుంటె, నేను గూడ ఒక్కపారి పోదామనిపిచ్చింది. సేటుకు చెప్పకు."

"మరి అడుగులెందుకు లేవు?"

"దొరుకుతనని ఎనుకకు ఊడ్సుకుంట వొయిన."

"గీతలు ఊడ్వలేదేం?"

"గీతలా? అంత సన్నయి నా కండ్లకు యాడ కానస్తయ్!"

"నిమ్మకాయ?"

"గది నువ్వు వెట్టినవా? మంచి రసమున్నది. పప్పుల పిండుకున్న."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ ఊపులోనే, "నాకు స్కేటింగ్ రాదవ్వా" అనేశాను. ఏడాదిలో నేనాడిన మొదటి నిజం. అవ్వ నవ్వలేదు. "నాకు మాత్రం పుట్టంగనే వచ్చెనా? ఇటు రా. కింద సూడకు, ముంగట సూడు. పడ్తవ్, పడితె ఏమైతది?" అని చెయ్యి పట్టుకుంది. బీడీలు చుట్టి గరుకెక్కిన ఆ వేళ్లు నన్ను ఒక్కసారి కూడా జారనివ్వలేదు.

సోమవారం నాడు స్కేట్లు విప్పుకుంటూ అవ్వ అంది. "రేపు నేను రాను బిడ్డా. మంగళారం బీడీలు కార్ఖానాల అప్పజెప్పాలె. పదింటికి ఊడ్సి అటే పోత."

"ప్రతి మంగళవారమా?"

"ఎన్నడు తప్పలే."

నేను మొదట గీతలు చూసింది మంగళవారమేనని చెప్పాను. అవ్వ గోదాం నడుమ వైపు చూసింది. పైన రేకులు టకటకమన్నాయి. "ఎవలో నేర్సుకుంటున్నరు తియ్" అంది. "మంగళారం వాళ్లకిడ్సి పెడుదాం. మనకు ఆరు దినాలు సాలవా?"

ఇడ్సి పెట్టాం. ఒక్కసారి మాత్రం ఉండబట్టలేక మంగళవారం వెళ్లి షట్టరుకు చెవి ఆనించాను. ఇనుము కాలింది. లోపల చక్రాలు తిరుగుతున్నాయి. అవ్వలా ఆగి ఆగి కాదు, నాలా తడబడి కాదు, గుండ్రంగా, ఏకధారగా, ఎంతో హాయిగా. నాకంటే ముందే నేర్చేసుకున్నారు! భయపడుతూనే కాస్త కుళ్లుకున్నాను. తాళం ముట్టుకోకుండా బస్టాండుకు వచ్చి, వరుసగా రెండు సోడాలు తాగాను.

వార్షికోత్సవం రోజు రింకు చుట్టూ రెండున్నర చుట్లు తిరిగాను. మూడో చుట్టు పూర్తికాలేదు. ఎందుకంటే ఆగడం అవ్వకూ రాదు, ఆమెకు గోడే బ్రేకు. ఆ రోజు గోడ ముందు కుర్చీల్లో తల్లులు కూర్చున్నారు. వాళ్లు అటూ ఇటూ చెల్లాచెదురయ్యారు, నేను పేర్చి పెట్టిన ఖాళీ కుర్చీల దొంతరలోకి దూరిపోయాను. హాలంతా నవ్వు. సేటు మైకు అందుకుని, "సూసిండ్రా! పడ్డంక లేసుడు గూడ మా మేడమే నేర్పుతది" అన్నాడు. తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని అందరికంటే ఎక్కువ నవ్వింది. నవ్వు మీద పడితే ఎవరూ చచ్చిపోరని ఆ రోజే తెలిసింది.

రింకు ఇంకో వేసవి నడిచింది. పిల్లలు ఒక్కొక్కరే సెల్‌ఫోన్లలోకి జారుకున్నారు, సేటు మళ్లీ దుబాయ్ విమానం ఎక్కాడు. స్కేట్లన్నీ అమ్మేసిన రోజు అవ్వ వట్టికాళ్లతోనే ఒకసారి గోడ వెంబడి తిరిగొచ్చి, ఇంటికి వెళ్లిపోయింది. ఇప్పుడక్కడ టైల్స్ దుకాణం ఉంది. నేను సిరిసిల్లలో బడిపిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఎప్పుడైనా నల్లబల్ల మీది లెక్క తప్పుచేసి, పిల్లలు పగలబడి నవ్వితే, వాళ్లతో కలిసి నవ్వి చెరిపేస్తాను. అప్పుడు ఆ ఇరవై ఒక్కేళ్ల పిల్ల, ఆనాటి నేను, గుర్తొస్తుంది. నలుగురు నవ్వుతారేమోనని దయ్యమున్న గోదాంలోకి ఒంటరిగా దూరిన ధైర్యవంతురాలు. ఇప్పుడెవరు ఎంత నవ్వినా నాకు ఫరవాలేదు. కానీ పట్టపగలు కూడా ఆ గోదాం తలుపు తెరవమంటే నా వల్ల కాదు.