కిరాటిన్ ఎంత?

పలాస నుంచి టెక్కలి వెళ్లే బస్సులో, ఒళ్లో రిపోర్టు పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాను. అల్జీమర్స్‌ను తొలిదశలోనే పసిగట్టే రక్తపరీక్షలో నా అంకె ఎక్కువొచ్చింది. పక్కసీటాయన చేతికి డయాలసిస్ పట్టీ ఉంది.

"ఏటి బావా, మొకం అలగ ఏలాడేసినావు?" అన్నాడు. చెప్పాను.

"అది సర్లే, కిరాటిన్ ఎంత?"

కిడ్నీల పరీక్షలో వచ్చే ఆ క్రియాటినిన్ అంకె అడగడమే, ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో కుశలప్రశ్న. నా కిడ్నీలూ అంతంతమాత్రమే. ఈ రక్తపరీక్ష రాసిన విశాఖ డాక్టరు అడగలేదు, నేను చెప్పలేదు.

"సెప్పకుండా రగతం ఇచ్చీసినావా? ముందు ఫోన్ సెయ్యి!"

చేశాను. కిడ్నీలు మందగిస్తే అల్జీమర్స్ అంకె పెరిగి కనిపించవచ్చని, మిగతా పరీక్షలూ చేశాకే తేలుతుందని డాక్టరన్నాడు. అవి చేశాక, ఆ జబ్బు కాదని తేలింది.

ముక్కూ మొహం తెలియని ఆ బావ పేరు అడగడం మరిచిపోయాను. ఈ మరపు మాత్రం అచ్చంగా నాదే.