కొట్టకుండా గెలవనన్నవాడు

మా ఆటోనగర్‌లో ఒక కుర్రాడు పిడికిలితో లారీ తలుపుకి సొట్ట పెట్టాడని నేను కనీసం వెయ్యిమందికి చెప్పి ఉంటాను. ఆ సొట్ట అంతకుముందే ఉంది. దాని మీద అతను చెయ్యి వేశాడు, అంతే. కానీ ఆ చెయ్యి చూసినవాడెవడూ నా మాట కాదనలేదు.

డెబ్బైల్లో సంగతి. నేను లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డర్ని. పక్క కొలిమిలో అతను లారీ కమాన్లు, అంటే చక్రాల మీది స్ప్రింగు పట్టీలు, సాగగొట్టే సమ్మెట మనిషి. ఇరవై ఏళ్లుంటాయి, ఎనభై ఆరు కిలోలు. వాళ్లమ్మ గన్నవరం అవతల నాట్లకీ కోతలకీ వెళ్లి పెంచింది. ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని చర్చికి వెళ్లొచ్చి, సాయంత్రం మా షెడ్డు దూలానికి వేలాడదీసిన గోనెసంచి ముందు నిలబడేవాడు. ఊకా ఇసుకా కలిపి కుట్టిన సంచి అది. మిలిటరీలో బాక్సింగ్ ఆడి రిటైరైన ఒక మాస్టారు నేర్పేవారు.

అంత మనిషిని చూసి అందరూ బలమే అనుకునేవాళ్లు. అతని విద్యంతా కాళ్లలో ఉంది. చిన్నప్పుడు నారుకట్టలు నెత్తిన పెట్టుకుని తడిగట్ల మీద పరిగెత్తాడట. జారితే కట్టతో సహా బురదలోకే. ఆ అడుగే సంచి ముందు కనపడేది. సంచి ఊగి వచ్చేసరికి అతను అక్కడ ఉండేవాడు కాదు. మాస్టారు ఆరిపోయిన బీడీ పీలుస్తూ చూస్తుండేవారు.

ఇంకో గుణం ఉంది, అబద్ధం ఆడడు. కొలిమి దగ్గర అది పెద్ద తలనొప్పి. డ్రైవరు వచ్చి ఈ కమాను ఎన్నాళ్లు ఆగుద్దంటే, మీరేసే లోడుకి నెల ఆగదండీ అని మొహం మీద చెప్పేసేవాడు. ఓనరు తల పట్టుకునేవాడు.

ఆ ఏడాది గవర్నర్‌పేటలో ఒక సత్రం వెనక ఖాళీస్థలంలో పోటీలు పెట్టారు. నెగ్గినవాణ్ణి దేశం మొత్తం మీద జరిగే పోటీలకి పంపుతారు. రింగు మేమే కట్టాం. లారీ చెక్కలు పరిచి, పైన కొత్త టార్పాలిన్ బిగించాం. అంతా బాగానే ఉంది గానీ, హెవీవెయిట్ అంటే ఎనభై ఒక్క కిలోలు దాటాలి. మా వైపు అంత బరువున్నవాళ్లంతా బియ్యం వ్యాపారంలో ఉన్నారు, బాక్సింగ్‌లో లేరు. ఎదురు నిలిచేవాడు లేకుండా నెగ్గినవాణ్ణి పంపితే మాకు నగుబాటు, పంపం అన్నాడు పోటీలు నడిపే ఆయన.

అప్పుడు నేను ముందుకొచ్చాను. ధైర్యంతో వచ్చానని చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి మాస్టారు షెడ్డంతా కలయజూసి, ఉన్నవాళ్లలో లావుపాటివాణ్ణని నన్ను పట్టుకున్నారు. నేను డెబ్బై తొమ్మిది కిలోలు. ఆ పొద్దున మూడు డజన్ల చక్రకేళీలు తిన్నానని మా ఇంట్లో చెబుతుంటాను, తిన్నది డజనున్నర. మిగతాది మజ్జిగ. అప్పటికీ కాటా ముల్లు మొండికేస్తే చెడ్డీ నాడా కింద నాలుగు లారీ నట్లు దోపుకున్నాను. ఈ ముక్క బయటపెట్టడం ఇదే మొదటిసారి.

మొదటి దెబ్బ తగలగానే పడిపోవాలని నాకూ మాస్టారికీ ఒప్పందం. కుర్రాడికి చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

గంట కొట్టారు. అతను రెండడుగులు వేశాడు, ఎడమచెయ్యి కదిలింది, నేను వెల్లకిలా పడ్డాను. ఆ చేతికీ నా మొహానికీ మధ్య ఇంకా జానెడు ఖాళీ ఉంది. ఒప్పందం కన్నా ముందు భయమే నన్ను పడగొట్టేసింది.

రిఫరీ లెక్క మొదలుపెట్టాడు. కుర్రాడు పళ్లకి అడ్డం పెట్టుకున్న రబ్బరు ఉమ్మేశాడు.

"నేను కొట్టలా సార్."

బల్ల దగ్గరున్న పోటీలు నడిపే ఆయన లేచి, గెలుస్తున్నావు కదా, నోరు మూసుకుని నీ మూలకి పో అన్నాడు. ఇంకొక్క మాట మాట్లాడితే పోటీలోంచే తీసేస్తానన్నాడు.

"తీసెయ్యండి సార్. కొట్టకుండా గెలిచానని మాత్రం రాయకండి."

అని, గ్లవ్ తాడు పళ్లతో లాగడం మొదలుపెట్టాడు. అది ఊడిందా, పోటీ లేదు, ప్రయాణం లేదు, మాస్టారి రెండేళ్ల కష్టం లేదు. రిఫరీ లెక్క ఆపలేదు గానీ నెమ్మదించాడు. కుర్రాడు తాడు పళ్ల మధ్యనే ఉంచుకుని నా వైపు తిరిగాడు.

"లే అన్నా. పడుకోటానికైతే ఇంటికాడే పడుకోవచ్చుగా."

జనం నవ్వారు. మా షెడ్డువాళ్లే అందరికన్నా గట్టిగా నవ్వారు.

సింహంలా లేచానని చెబుతుంటాను. ఎనిమిది దగ్గర, రింగు తాడు పట్టుకుని లేచాను. లేచాక కోపం వచ్చింది. నీకోసం పడితే నన్నే నవ్వులపాలు చేస్తావా అని, జీవితంలో మొదటిసారి ఒక మనిషిని మనస్ఫూర్తిగా కొట్టాను. దవడ మీద తగిలింది. దీనికి మాత్రం ఒట్టేస్తాను. అతను సంతోషంగా తలాడించాడు, ఎప్పటినుంచో చూస్తున్న లారీ ఇప్పటికి షెడ్డుకొచ్చినట్టు. ఆ తర్వాత ఏం చేశాడో నాకు కనపడలేదు. దెబ్బ పొట్టలో పడింది. చక్రకేళీలన్నీ మా కొత్త టార్పాలిన్ మీదికొచ్చాయి. ఈసారి పది దాకా లెక్కపెట్టారు. కుర్రాడేమీ అభ్యంతరం చెప్పలేదు.

పంపారు. అక్కడ మొదటి ఆటలోనే ఒక సైనికుణ్ణి రెండు నిమిషాల్లో పడగొట్టాడని బెజవాడంతా చెప్పాను. పడగొట్టలేదు. మూడు రౌండ్లూ నిలబడి, పాయింట్ల మీద ఓడిపోయాడు. తిరిగొచ్చిన రోజు అందరూ చుట్టూ చేరి ఓదార్చారు. మనవాళ్లకి పాయింట్లు వెయ్యర్లే, అన్యాయం చేశారని చెప్పు, ఎవరైనా నమ్ముతారన్నారు. నేనైతే అప్పటికే పడగొట్టాడనే చెప్పేసి ఉన్నాను.

"వాడు నాకన్నా ఎక్కువ కొట్టాడు," అన్నాడతను. "లెక్క సరిగ్గానే ఏశారు. వచ్చే ఏడు మళ్లీ వాడితోనే ఆడతా."

ఎడమకన్ను వాచి పూర్తిగా మూసుకుపోయి ఉంది. రెండో కంటితో నన్ను చూస్తూ, వచ్చే ఏడు కూడా ఇక్కడ తన బరువులో ఎవరూ ఉండరు, ఎదురుగా నేనే నిలబడాలి, సాయంత్రం నుంచి సంచి దగ్గరికి రమ్మన్నాడు.

"నాకు భయంరా," అన్నాను. అతనితో నేనన్న మొదటి నిజం బహుశా అదే.

"భయపడు అన్నా. పడుకోమాక."

వెళ్లాను. మరుసటి ఏడాది రెండో రౌండు సగం దాకా నిలబడ్డాను. నమ్మకపోతే అతన్నే అడగండి, ఇప్పటికీ ఆటోనగర్‌లోనే ఉన్నాడు.