సాంచెల చప్పుడులో బాపు నేర్పిన ఇంగ్లీషు

మా చిన్నప్పుడు... బడి నుంచి రాగానే బాపుకు అన్నం డబ్బా తీసుకుని గైబీ నగర్‌లోని మగ్గాల షెడ్డుకు పోవడం నా పని. మరమగ్గాలను మేం సాంచెలంటాం. ఆ సాంచెల మధ్య అడుగు పెడితే మన మాట మనకే వినిపించదు... అక్కడ అందరూ పెదవులు కదిలిస్తూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు.

నాకేమో తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషు నోటి పరీక్ష. లుక్ ఆఫ్టర్, రన్ అవుట్, పుట్ ఆఫ్... మాయదారి జంట మాటలు! బతుకుతెరువుకు వలస వచ్చిన చోట మాది మరాఠీ బడి; పుస్తకంలో మరాఠీ అర్థాలు ఎంత బట్టీ పట్టినా తెల్లారేసరికి మాయం. పరీక్ష తప్పితే అమ్మతో పాటు కండెలకు నూలు చుట్టే పనికి పోవాలని ఇంట్లో తేల్చేశారు. నాకా, చదువంటే ప్రాణం.

ఒకరోజు షెడ్డులోనే పుస్తకం పట్టుకుని ఏడుస్తున్నాను. ఏంది అన్నట్టు చెయ్యి తిప్పాడు బాపు. ఆ మాటల అర్థాలు తెలుగులో పెదవులతో చెప్పాను.

అక్షరం ముక్క రాని మనిషి... రెండు వేళ్లు కళ్ల దగ్గర పెట్టి సాంచె వైపు చూపించాడు. నీళ్లు తాగడానికి పోయేటప్పుడు, నా సాంచెలు జర చూస్కో అని పక్కాయనకు చేసే సైగ అది. లుక్ ఆఫ్టర్ అంటే అదే కదా! రన్ అవుట్‌కు నూలు అయిపోయిన ఖాళీ కండె ఊపాడు. పుట్ ఆఫ్‌కు, తర్వాత చూద్దాం అన్నట్టు అరచేత్తో గాలిని అవతలికి నెట్టాడు. నెల తిరిగేసరికి పుస్తకంలోని మాటలన్నిటికీ సైగలు దొరికాయి.

పరీక్షలో టీచరమ్మ లుక్ ఆఫ్టర్‌తో వాక్యం చెప్పమంది. ఠక్కున రెండు వేళ్లు కళ్ల దగ్గర పెట్టి పెదవులు కదిలించాను... గొంతు మాత్రం రాలేదు! షెడ్డు అలవాటు మరి. క్లాసంతా పకపకా నవ్వింది.

"అగ, బోల్ నా!" అని, నోరు తెరిచి చెప్పవే అన్నట్టు మరాఠీలో కసిరింది టీచరమ్మ.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మళ్లీ అదే సైగ చేసి, మా బాపు నాలుగు సాంచెలు చూసుకుంటాడని ఇంగ్లీషులో గట్టిగా అరిచాను. మిగతావీ అంతే... చెయ్యి ముందు, మాట వెనక. టీచరమ్మ అక్కడికక్కడే పాసని చెప్పేసింది!

షెడ్డుకు ఒకటే పరుగు. పాసైన బాపూ అని పెదవులతోనే చెప్పాను. బాపు ఏం చేశాడో తెలుసా... నాలుగు సాంచెలూ ఆపేశాడు! ఆయన్ను చూసి పక్కవాళ్లూ ఒక్కొక్కరే ఆపారు. షెడ్డు యజమాని సేఠ్ చూస్తే తిట్లే తిట్లు. అయినా ఆపారు.

"మళ్లొకపారి చెప్పు బిడ్డా... జర ఇననియ్యి" అన్నాడు. ఆ షెడ్డులో బాపు గొంతు వినడం నాకదే మొదటిసారి.

ఈ రోజుల్లో మా పిల్లలు ఫోన్‌ను అడిగితే చాలు, ఏ ఇంగ్లీషు మాటకైనా అర్థం చెప్పేస్తుంది. ఆ షెడ్డు గోదాం అయిపోయింది. ఏళ్ల తరబడి సాంచెల చప్పుడుకు బాపుకు చెవులు పూర్తిగా పోయాయి... ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నా నా మాట వినిపించదు.

అర్థం కానిదాన్ని మీకు మొదట అర్థం చేయించింది ఎవరు? ఇక్కడ రాయండి... కానీ ముందు వాళ్లకు చెప్పండి, వినిపించే రోజుల్లోనే.