నాయనమ్మ పిడికెడు బియ్యంలో నా పేరు

లక్డారంలో చూడ్డానికి కోటలూ జలపాతాలూ ఏమీ లేవు. అయినా రెండువేల దశకం తొలినాళ్ళలో ఒక ఆదివారం పనిగట్టుకుని వెళ్ళాను. మా నాయనమ్మ ఆ ఊరి బడిలో టీచరుగా చేసి, రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయి చర్చి పనులు చూసుకునేది. ఆమె పోయి ఏడాదైందని జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పెట్టింది మేము కాదు, ఊరివాళ్ళు. నాన్నకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి నన్ను పంపాడు. మా నాయనమ్మకు కూడిక పెట్టడానికి వీళ్ళెవరని నాకు ఒళ్ళు మండింది. చేతిలో బేకరీ కేకు పెట్టెతో, మనసులో ఆ మంటతో సికింద్రాబాద్‌లో బస్సెక్కాను.

పొద్దున్నే బయల్దేరితే పటాన్‌చెరు చేరడానికి రెండు గంటలు చాలు. ఎనభైల్లో వేసవి సెలవులకు వచ్చినప్పుడు కిటికీలోంచి జొన్న చేలు కనిపించేవి. ఇప్పుడు ఫ్యాక్టరీ ప్రహరీలు, ముక్కు పట్టుకోవలసిన ఘాటు వాసన. బస్టాండు బయట షేర్ ఆటోలుంటాయి. మనిషికి ఐదు రూపాయలు. ముంబై హైవే మీద కొంత దూరం పోయి, కంకర లారీల దుమ్ములో ఊరి దారి పడతాయి.

"ఏడికక్కా, చర్చికా? టీచరమ్మ కూడికకే పోతున్నవా?" అన్నాడు డ్రైవరు. "జెర జరగుండ్రి, అక్కను కూసోనియ్యండ్రి. టీచరమ్మ మాకు నాయనమ్మ లెక్క."

"నాకు సొంత నాయనమ్మ," అన్నాను, సొంత అన్న మాట నొక్కి.

అతను అద్దంలో నన్ను చూశాడు. "ఔనా? ఎన్నడు సూడలేదక్కా నిన్ను."

నేను కేకు పెట్టె మీది దుమ్ము దులపడం మొదలుపెట్టాను.

చర్చి వాకిట్లో చిన్న షామియానా, కట్టెల పొయ్యి మీద పెద్ద గుండిగ. ఆడవాళ్ళంతా కొంగుముడి విప్పి, ఒక్కొక్కరే పిడికెడు బియ్యం తీసి, "ఫలానావాళ్ళ పేరున" అని పైకి చెప్పి గంపలో పోస్తున్నారు. ఇంట్లో వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు పక్కన పెట్టి, ఆదివారం చర్చికి తేవడం మా క్రైస్తవుల్లో ఉన్నదే. పేరు చెప్పి పోయడం మాత్రం నాయనమ్మ ఇక్కడ నేర్పిందట. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు కూడా తెచ్చారు. అందరికీ తెలిసింది సొంత మనవరాలికే తెలియదు. కేకు పెట్టె కుర్చీ కిందికి తోసేశాను.

నా ముందు నా ఈడు ఆమె ఒకతె, పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాప పేచీ పెడితే, దాని అరచేతిలో ముద్దు పెట్టి, పిడికిలి మూసి, "పారెయ్యకు, దాసుకో" అంది. ఆ ముద్దు నాది. సెలవులైపోయి బస్సెక్కేటప్పుడు నాయనమ్మ నాకు అలాగే ముద్దిచ్చి పిడికిలి మూసేది. లోకంలో ఇంకెవరికీ ఇవ్వదనుకున్నాను.

"ఇది ఎవరు నేర్పారు నీకు?" అన్నాను, పేరైనా అడక్కుండా.

"టీచరమ్మ." మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుందట. పేరు స్వరూప. "మా అమ్మ నాయిన షిఫ్టుకు పోతే బడి ఇడిసినంక ఇంక ఇద్దరు ముగ్గురు పిల్లలతోని ఆమెకాడనే ఉంటుంటి. అన్నం పెడ్తుండె, తల దువ్వుతుండె." ఇంకా చెబుతూనే ఉంది. నాకు ఏటా నెల దొరికిన మనిషి ఈమెకు రోజూ దొరికింది. కుళ్ళు దాచుకోలేక, "నేను ఆమె మనవరాలిని, సునీతను," అని గట్టిగానే అన్నాను.

స్వరూప నోరు తెరిచింది. "సునీతవు నువ్వేనా? ఎండకాలం సెలవులల్ల నేను అమ్మమ్మ ఊరికి పోతుంటి, నిన్ను సూడనే లేదు. నీ మీద ఎంత కోపముండెనో తెలుసా నాకు?"

"నా మీదా? ఎందుకు?"

"రోజు రెండు పిడికిళ్ళు తీస్తుండె. ఒకటి చర్చికి, ఒకటి నీ పేరున. నీ పేరుది ఆ పూటనే వండి మాకు పెడ్తుండె. తినేముందు కండ్లు మూయించి, 'పట్నంల మా సునీత సల్లగుండాలె' అని అందరితోని అనిపిస్తుండె. ముందల ఉడుకన్నం, కడుపుల ఆకలి. నాకు ఒక్కనాడన్న నా పేరు చెప్పొద్దా అని ఏడుపొస్తుండె."

స్వరూప కొంగు విప్పి ఉన్న బియ్యంలో సగం నా దోసిట్లో పోసింది. "ఇగో. ఇన్నేండ్లు నీయి మేమే తిన్నం."

గంప దగ్గర నాయనమ్మ పేరు చెప్పాలనుకునే లేచాను. "స్వరూప పేరున," అన్నాను. తిరిగి చూస్తే ఆమె పాప జుట్టులో ముఖం దాచుకుంది.

అసూయ పోయిందని అబద్ధం చెప్పను. ఆ బియ్యంతో వండిన అన్నం తింటూ కూడా, ఈమె తలలో నాయనమ్మ ఎన్నిసార్లు దువ్వెన పెట్టిందో అనుకుంటూనే ఉన్నాను. కాకపోతే నన్ను చూసి కుళ్ళుకున్న మనిషి కూడా ఒకతె ఉందని తెలిశాక, ఆ అన్నం గొంతు దిగింది.

మీరూ ఏదో ఆదివారం వెళితే, సాయంత్రం షిఫ్టు వదిలేలోపే తిరుగు ఆటో పట్టుకోండి, తర్వాత నిలబడ్డానికీ చోటుండదు. కేకులు వద్దు, కొంగులో పిడికెడు బియ్యం కట్టుకెళ్ళండి. ఎవరి పేరు చెప్పాలో మాత్రం ముందే ఖాయం చేసుకోకండి.